తడి ఆరేటప్పుడు

“బల్ల మీంచి ఆ బొమ్మ కారు తీస్తేనే గోధుమలు ఆరబోసేది,” అని మూడోసారి అన్నాను. మొదటిసారి మామూలుగా అన్నాను, రెండోసారి గిన్నె మూత కాస్త గట్టిగా పెట్టి అన్నాను, ఈసారి ఎవరివైపూ చూడకుండా అన్నాను. నా మరిది ఓబ్రాద్ స్క్రూడ్రైవర్లు వరుసగా పేర్చుకుంటూ తలయినా ఎత్తలేదు. “ఇంట్లో ఇదొక్కటేనా బల్ల, వదినా?” అన్నాడు. రెండో బల్ల మీద మీ అమ్మ ఉల్లిపాయలు ఆరబెట్టుకుంది, వాటిని కదిపే ధైర్యం నీకుంటే కదుపు అన్నాను. కిటికీ పక్కన పీట మీద కాలు చాపుకుని కూర్చున్న మా అత్తగారు పెర్సీదా అల్లిక ఆపకుండానే, “ఉల్లిపాయల జోలికి ఎవరూ రావద్దు. ఆ కారు జోలికీ వెళ్ళొద్దు. పోయినవాడి వస్తువు ఏడాది తిరక్కుండా విప్పకూడదు,” అంది. “రేపటితో తిరిగిపోతుంది కదమ్మా. ఒక్కరోజు ముందు విప్పితే ఏం, అన్నయ్య వచ్చి అడుగుతాడా?” అన్నాడు ఓబ్రాద్. “అడిగితే అంతకంటేనా,” అంది ఆవిడ. మధ్యాహ్నం బస్సుకి ఊజిత్సె నుంచి వచ్చిన నా కూతురు నెవేనా, సంచి ఇంకా భుజానే ఉంది, పాత వార్తాపత్రిక ఒకటి తెచ్చి కారు కింద పరిచి చేత్తో బల్ల మధ్య గీత గీసింది. “ఇటు నీది బాబాయ్, అటు అమ్మది. గీత దాటావంటే పాస్‌పోర్టు చూపించాలి,” అంది. ఓబ్రాద్ నవ్వాడు. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ బల్ల మీద, సరిగ్గా ఆ గీత దగ్గర, ఆ కారు పోయినేడాది కూడా ఒకసారి ఉంది.

పొయ్యి దగ్గరికి తిరిగాను. సంవత్సరీకానికి పెట్టే గోధుమల్ని మూడు నీళ్ళు మార్చి ఉడికించాలి. గింజ కొద్దిగా నోరు తెరవాలి గాని పగలకూడదు, పగిలితే జిగురు వస్తుంది, జిగురు వచ్చిందంటే గుడ్డ మీద ఎంతసేపు ఆరబోసినా తడి పోదు, తెల్లారి అక్రోటు పప్పూ పంచదారా కలిపి పళ్ళెంలో గోపురంలా పోసేసరికి పులిసిన వాసన వేస్తుంది. అలాంటి గోధుమలు పెట్టిన ఇళ్ళ పేర్లు మా అత్తగారు ముప్ఫై ఏళ్ళుగా గుర్తుపెట్టుకుని ఉంది. ఇంకో గంట పడుతుంది. ఆ గంటలో ఓబ్రాద్ కారు పైడొప్ప తీస్తాడు, లోపలున్న నల్ల పెట్టె మూత విప్పుతాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, నాలుగు మరలు. అందులో రిసీవర్ అని చిన్న పలక ఉంటుంది, చేతిలోని రిమోట్ చెప్పేది వినే చెవి అదే. దానికి నీళ్ళు తగలకుండా పూత పూసి పెట్టెలో బిగించింది నా భర్త స్నేహితుడు ఆచిమ్. ఆ పూత పనికిమాలినదని, అందుకే ఆ రోజు కారు మాట వినలేదని, అందుకే నా భర్త తీహోమిర్ దాని వెనక నదిలోకి నడిచాడని ఈ ఊళ్ళో అందరికీ తెలుసు, ఏడాదిగా తెలుసు. రేపు స్మశానానికి ఆచిమ్ కూడా వస్తాడని ఎవరో చెప్పారట. “రానీ,” అన్నాడు ఓబ్రాద్ నిన్న, “పాద్రిగారు ధూపం వేసి వెళ్ళాక ఆ పలక వాడి చేతిలో పెడతా. ఊరంతా ఉంటుందిగా. ఇది నీ పనేనా అని ఒక్కటే అడుగుతా.” ఆ పలకని చివరిసారి ముట్టుకుంది ఆచిమ్ కాదు. ఆ చేతులు ఎవరివో తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఆ ఇద్దరిలో ఒకరి కోసమే ఈ గోధుమలు.

నీళ్ళు ఇగిరేకొద్దీ గిన్నె మూత కొట్టుకుంటోంది. టక్, కాస్త ఆగి, టక్. ఓరగా జరిపాను. ఏడాదిగా నేను మూతలన్నీ ఓరగానే పెడుతున్నాను, గోడ గడియారం తీసి నెవేనా గదిలో పెట్టాను, అత్తగారి అల్లిక సూదులు ఒకదానికొకటి తగలడం మొదలైతే రేడియో పెడతాను, ఆవిడ నాకు పాటల పిచ్చి పట్టిందనుకుని, ఏడాది తిరగని ఇంట్లో పాటలేమిటమ్మా అని ఆపేస్తుంది. ఆవిడకి తెలీదు ఆ చప్పుడు ఎక్కడిదో. గులకరాళ్ళ మీద తీహోమిర్‌ని వెల్లకిలా పడుకోబెట్టి ఆచిమ్ రెండు చేతులూ అతని ఛాతీ మీద వేసి నొక్కుతున్నప్పుడు, దిగువన నీళ్ళలోకి వంగిన కొమ్మకి చిక్కుకున్న కారుని ఎవరో పట్టుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తోచక, అతని తల పక్కనే పెట్టారు. అది ఇంకా బతికే ఉంది. ముందు చక్రాలు రెండూ ఎడమకి తిరిగాయి, టక్. కుడికి తిరిగాయి, టక్. రిమోట్ ఎవరి చేతిలోనూ లేదు, నా కాళ్ళ దగ్గర రాళ్ళలో పడి ఉంది. నీళ్ళోడుతున్న ఆ బొమ్మ అటు చూసి ఇటు చూసి ఎవరినో వెతుకుతున్నట్టు. ఆచిమ్ పైకి లెక్కపెడుతూ నొక్కుతున్నాడు, ఆ లెక్కకీ ఈ చప్పుడుకీ పొంతన కుదరడం లేదు, కుదిరితే లేస్తాడేమో అనిపించింది నాకు, అలాంటి పిచ్చి ఆలోచన. బ్యాటరీ పీకేస్తే ఆగుతుందని అక్కడున్న అందరికీ తెలుసు, ఒక్కరికీ చెయ్యి రాలేదు. అలాగే బండిలో వేసి తెచ్చారు, అలాగే పెరటి కొట్లో పెట్టారు. ముందుగదిలో కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, వచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తున్నాను, వాళ్ళ చేతుల్లోంచి నా చెయ్యి విడిపించుకుని ఇంకొకరికి ఇస్తున్నాను, చెవి మాత్రం కొట్టువైపే. సాయంత్రం దాకా వినిపించింది. వినిపించిందనే అనుకుంటున్నాను. మధ్యలో రెండు గోడలూ వాకిలీ ఉన్నాయి.

నలభై తొమ్మిదేళ్ళ పసివాడు అనేదాన్ని అతన్ని. కోతమిల్లులో ఇరవై ఆరేళ్ళు రంపాల పక్కన నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. ఇంట్లో ఏది చెప్పినా కుడిచెవి ఇటు తిప్పి “ఆఁ?” అనేవాడు, ఆ ఆఁ అంటే నాకు ఒళ్ళుమంట, ఇప్పుడు ఎవరైనా అంటే బాగుండును. ఆదివారం నది ఒడ్డున రాళ్ళదిబ్బ మీద మాత్రం ఆ బొమ్మ కారు మోటారులో ఇసుక రేణువు పడ్డా అతనికి వినపడేది. దానికి మేక అని పేరు, గెంతుతుందని. పొట్టలు పెరిగిన మగవాళ్ళు ఎనిమిది మంది, ఇంటి దగ్గర కొట్టాల్సిన కట్టెలు కుప్పలుగా ఉన్నవాళ్ళు, రిమోట్లు పట్టుకుని ఒకరి తల్లుల్ని ఒకరు తిట్టుకుంటూ, నెగ్గినవాడు అందరికీ మాంసం కాల్చాలని పందెం. వాళ్ళందరికీ వైద్యుడు ఆచిమ్. ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. జనం టీవీలు బాగుచేయించుకోవడం మానేశాక దుకాణం మూతపడింది, భార్య పోయింది, మనిషి గోడవైపు తిరిగి కూర్చునేవాడు, అలాంటప్పుడు తీహోమిర్ తడిసి చచ్చిన కారు ఒకటి తీసుకెళ్ళి అతని ముందు పెట్టాడు. అక్కణ్ణించి లేచాడు ఆచిమ్. మొదటి పూత నా గోళ్ళ రంగుతోనే వేశారు ఇద్దరూ, నెవేనా బడి ముగింపు వేడుకకని నేను కొనుక్కున్న రంగులేని సీసా, స్నానాలగదిలోంచి దొంగతనం. నేను రెండిళ్ళకీ వినపడేలా అరిచాను. మర్నాడు ఆచిమ్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి కొత్త సీసా ఇచ్చాడు, ఎర్రటి ఎరుపు. “ఇదేమిటి ఆచిమ్ అన్నయ్యా, నన్ను ఊరేగిస్తావా?” అంటే, “రంగు రంగేగా చెల్లెమ్మా, నీళ్ళు దిగవు, అది చాలు,” అన్నాడు. ఆ రోజే కాఫీ తాగుతూ చెప్పాడు, మేకు కొట్టినట్టు నాలో దిగిపోయింది ఆ మాట. నీళ్ళలో పడ్డప్పుడు ఇవి చావవు, చెల్లెమ్మా. తడి ఆరేటప్పుడు చస్తాయి. పైకి ఆరినట్టుంటుంది, మనిషి ఆగలేక కరెంటు ఇస్తాడు, లోపల ఏదో మిగిలే ఉంటుంది. నీళ్ళు కాదు, నీళ్ళు తెచ్చి వదిలేసి పోయినది. మిగిలిందే చంపుతుంది.

“అమ్మా, అడుగంటుతోందేమో చూడు,” అంది నెవేనా. చూశాను. అంటలేదు. మూడో నీళ్ళు పోశాను. బల్ల దగ్గర ఓబ్రాద్ పైడొప్ప తీశాడు, ఏడాది కిందటి నది ఇసుక సన్నగా వార్తాపత్రిక మీద రాలింది. అత్తగారు అటు చూడకుండా చూస్తోంది.

అతను నదిలోకి నడవడానికి మూడు రోజుల ముందు, గురువారం. బుధవారం సాయంత్రం మేక వాననీళ్ళ గుంటలో బోల్తాపడి పెట్టెలోకి కాస్త బురద నీరు పోయింది. తీహోమిర్ రెండో షిఫ్టుకి చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పెట్టె విప్పి ఈ బల్ల మీదే పెట్టి, “ఆచిమ్‌కి ఫోన్ చేశా. తొలిధార సారాతో కడిగి మూడు రోజులు ఆరనివ్వమన్నాడు. ఇంకేదీ వద్దన్నాడు, జోర్కా, తొలిధారే. అది పోతూ పోతూ నీళ్ళని వెంటబెట్టుకుపోతుంది, దేన్నీ మిగల్చదు. నాకు బస్సు టైమయింది, కాస్త కడిగి పెట్టవా,” అన్నాడు. మా వైపు ప్రతి ఇంట్లోనూ శరత్కాలంలో ఆల్‌బకరా పళ్ళ సారా కాస్తారు, బట్టీలోంచి ముందు దిగే ఘాటైన ధార ఎవరూ తాగరు, కీళ్ళకీ జ్వరాలకీ కిటికీ అద్దాలకీ దాచుకుంటారు. సామాన్ల గదిలోకి వెళ్ళాను. తొలిధార సీసాలో జానెడు కూడా లేదు. దాని మీద పెన్సిలు గీత ఉంది. మా అత్తగారి గీత. అంతకుముందు నెలలో నేను దాంతో అద్దాలు తుడిస్తే, “నా మోకాళ్ళు ఎవరు తాగుతున్నారో తెలుసుకోవాలి,” అని కొత్తగా గీత పెట్టింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఆ గీత చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు, ఒక నిమిషం ఉంటుందా. ఈ వయసులో, ఈ ఇంట్లో, ఒక బొమ్మ కారు కోసం, ఆదివారాలన్నీ తినేసే ఆ మేక కోసం నేను మళ్ళీ మాట పడాలా అనుకున్నాను. పక్క సీసా తీశాను. అదీ సారాయే, అతిథుల కోసం తేనె కలిపి మెత్తబరిచింది, లేత పసుపు. పోశాను. పలక మీదా, వైర్లు గుచ్చే సన్నటి సూదుల మధ్యా, పూత ఉండని చోట, చక్కగా పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాను. శ్రద్ధగానే రుద్దాను. శనివారం, ఆరాక ముట్టుకుంటే వేళ్ళు అంటుకున్నాయి. ఆ అంటుకోవడం నాకు ఇప్పటికీ వేళ్ళ చివర ఉంది. జిగురు అని నాకు అప్పుడే తెలుసు, తెలియలేదని ఎవరికీ చెప్పలేను, నాకు నేనైనా చెప్పుకోలేను, ఎందుకంటే నేను లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి సబ్బు పెట్టి నా వేళ్ళు కడుక్కున్నాను. నా వేళ్ళు మాత్రమే కడుక్కున్నాను. తిరిగొచ్చి పెట్టె మూత పెట్టి నాలుగు మరలూ బిగించాను. రాత్రి భోజనం దగ్గర, “తొలిధారతోనేగా?” అన్నాడు. “మరి దేంతో,” అన్నాను. అంతే. మా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళలో నేను ఆడిన అబద్ధాలన్నిటిలోకీ చిన్నది.

ఆదివారం నేనే భోజనం పట్టుకెళ్ళాను. జున్ను పొరల రొట్టె, ఉల్లికాడలు, ఉప్పు చిన్న కాగితంలో పొట్లం కట్టి. జూన్ మొదటి వారం, ఎండ తల మీద ఉంటుంది, ద్రీనా నీళ్ళు మాత్రం జనవరిలో ఉంటాయి, మా నది అంతే, పుట్టిపెరిగినవాళ్ళం దాన్ని నమ్మకూడదని తెలిసినవాళ్ళం. మేక మూడు చుట్లు బాగానే తిరిగింది. నాలుగో చుట్టులో వణికింది. తీహోమిర్ రిమోట్ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు, పాత రేడియోని ఊపినట్టు. నేను చూశాను, చేతిలో రొట్టె గుడ్డ మూట విప్పుతూ చూశాను, అతని బొటనవేలు ఎడమకి తిప్పింది, కారు తిరగలేదు, ఆపింది, ఆగలేదు, ఎవరో పిలిస్తే పోయినట్టు తిన్నగా నీళ్ళలోకి పోయింది. మునగలేదు, టైర్లలో స్పంజి ఉంటుందిగా, తేలింది, తేలుతూ నడిమికి పోతోంది. అతను బూట్లతోనే దిగాడు. మోకాళ్ళు, తొడలు, నడుము. అక్కడ ఆగి వెనక్కి తిరిగి, “దీనికి దాహమేసిందిరా,” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అది నేను మరిచిపోలేను, మిగిలినవాళ్ళు నవ్వడం వేరు. నవ్వుతుండగానే అతను కూర్చున్నాడు. పడలేదు, అరవలేదు, షిఫ్టు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు నీళ్ళలో కూర్చున్నాడు. ఆచిమ్ అప్పటికే పరిగెత్తుతున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, ఈత సరిగా రానివాడు, గడ్డం దాకా నీళ్ళలోకి వెళ్ళి చొక్కా పట్టి లాక్కొచ్చాడు. డాక్టరు, చల్లదనానికి గుండె ఆగిందమ్మా అన్నాడు. ఎవరి తప్పూ కాదు అన్నాడు. కానీ మనుషులకి అది సరిపోదు, కారెందుకు మాట వినలేదో కావాలి. సాయంత్రానికే ఎవరో పూత అన్నారు, మర్నాటికి అందరూ పూత అన్నారు, నేను నల్ల గుడ్డ కట్టుకుని మంచం అంచున కూర్చుని విన్నాను. అప్పుడు ఒక్క వాక్యం చెబితే సరిపోయేది. తర్వాత రోజుకో వాక్యం పెరిగింది. నలభయ్యో రోజుకి ఎంత పెద్దదయిందంటే నోట్లో పట్టలేదు.

ఫిబ్రవరిలో ఒకసారి, పొద్దున పది గంటలప్పుడు, బయట మంచు, అత్తగారు డాక్టరు దగ్గరికి వెళ్ళింది, నేను అరలు దులుపుతుంటే రిమోట్ దొరికింది. ఎవరు పెట్టారో. దాని మీద అతని బొటనవేలు అరగదీసిన చోటు నున్నగా ఉంది. నా వేలు అక్కడ పెట్టాను. ఎడమకి తిప్పాను. కొట్లో టక్ మంది. ఎనిమిది నెలలుగా బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అది నాకు తెలుసు, రిమోట్‌లోనూ ప్రాణం లేదు, అదీ తెలుసు. చెప్పులేసుకోకుండా మంచులో నడిచి వెళ్ళి తలుపు తీశాను. కారు మూల బస్తాల మీద ఉంది. ముందు చక్రాలు ఎడమకి తిరిగి ఉన్నాయి. అంతకుముందు ఎటు తిరిగి ఉండేవో నేను ఎప్పుడూ చూడలేదు, అటువైపు చూడకుండానే కట్టెలు తీసుకునేదాన్ని. అలా ఎంతసేపు నిలబడ్డానో, పాదాలు మొద్దుబారాయి, చక్రాలు నన్నే చూస్తున్నాయి. కుడికి తిప్పి చూద్దామనిపించింది. తిప్పలేదు. తిరిగితే ఏం చేయాలి, తిరగకపోతే ఏం చేయాలి.

“ఇదిగో,” అన్నాడు ఓబ్రాద్.

నాలుగో మర తుప్పుపట్టి రాలేదు, పట్టకారుతో పీకాడు. పెట్టె నోరు తెరుచుకుంది. నేను గరిటె చేత్తోనే వెళ్ళి అతని భుజం మీంచి చూశాను. గోరంత పలక. పూత పొలుసులు పొలుసులుగా లేచింది, సూదులన్నీ పచ్చబడ్డాయి, రాగి గిన్నెలో పుల్లమజ్జిగ మరిచిపోతే వచ్చే పచ్చ. “చూశావా అమ్మా, చూశావా వదినా. పెంకులు పెంకులుగా ఊడింది. దీన్ని పూత అంటాడా వాడు?” నెవేనా వంగి చూసింది. మందుల దుకాణంలో పనిచేస్తుంది, దేన్నయినా దగ్గరగా చూసే అలవాటు. “కింద ఇదేమిటి బాబాయ్? గోధుమరంగుగా, పాకం గడ్డకట్టినట్టు...” ఓబ్రాద్ గోటితో గీరాడు. “ఆఁ, అదే. పూత కరిగి కారితే అలాగే ఉంటుంది,” అన్నాడు. నెవేనా తలూపింది. అయిపోయింది. ఆ పచ్చదనమూ, ఆ పొలుసులూ, ఆ గడ్డా అన్నీ ఆచిమ్ పేరే చెబుతున్నాయి, ఇక ఏ కాలంలోనూ ఎవరూ నన్ను అడగరు. ఇంత తేలిక. నేను ఏడాదిగా భయపడ్డ పెట్టె తెరుచుకుంది, అందులో నా పేరు లేదు.

“ఏడాదయింది,” అన్నాడు ఓబ్రాద్, పలక రుమాల్లో పెట్టి మడుస్తూ. “తన తరఫున ఒక్క మాటన్నాడా వాడు? తప్పు లేనివాడైతే నోరు విప్పడా?” “ఏ మొహంతో విప్పుతాడు,” అంది అత్తగారు, “వాడి చేతులు పడిపోను.”

ఒక్క మాటనలేదు. నిజమే. నేను దాన్ని ఇన్నాళ్ళూ నాకు వీలైనట్టు అర్థం చేసుకున్నాను, ఆచిమ్‌కి కూడా తన పూత మీదే అనుమానమని, అందుకే తలొంచుకున్నాడని, అలా అనుకుంటే నాకు కాస్త నిద్ర పట్టేది. పాత్ర దింపాలి, గింజలు నోరు తెరిచాయి, దింపాలి, దింపలేదు. ఆ గురువారం ఫోన్‌లో తొలిధారతో కడగమన్నది ఎవరు? అతనే. తను బిగించిన పెట్టె ఆ తర్వాత విప్పారని, కడిగారని, మళ్ళీ మూశారని ఈ లోకంలో నాకు కాక తెలిసిన మనిషి ఎవరు? అతనే. అంత్యక్రియల నాడు ఆచిమ్ వచ్చేసరికి మా గేటుకి చావు కబురు కాగితం అంటించి ఉంది, నల్ల అంచు, మధ్యలో తీహోమిర్ ఫోటో, మిల్లు గుర్తింపు కార్డు కోసం తీయించుకున్నది, నవ్వాలా వద్దా తెలీని మొహం. నలభై మంది వాకిట్లో ఉన్నారు. అత్తగారు కర్ర అడ్డం పెట్టి, నా కొడుకుని నీ పని మింగింది, నా గడప తొక్కకు అంది. ఆచిమ్ నోరు తెరిచాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. తెరిచిన నోటితో ఆ కాగితం వైపు చూశాడు. “దాన్ని తీహోమిర్ కడిగాడమ్మా, సరిగా కడగలేదేమో.” ఇంతే అనాల్సింది. అంటే అతను ఆ గేటు దాటి లోపలికి వచ్చేవాడు, ఊరు అతనితో కాఫీ తాగేది, డిసెంబరులో మా ఇంటి పండుగకి ఎప్పట్లా పిలవకుండానే వచ్చి పొయ్యి పక్క కుర్చీలో కూర్చునేవాడు. ఫోటో వైపు చూసి నోరు మూసుకున్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తన చావు తనే తెచ్చుకున్నాడని తీహోమిర్‌ని ఎవరూ అనకూడదని ఆ మాట తను మింగాడు. చనిపోయిన స్నేహితుడిని కాస్తున్నానని అనుకుని ఏడాదిగా నన్ను కాస్తున్నాడు. ప్రతి శనివారం నేను వెళ్ళేసరికి సమాధి రాయి మీద ఒక సిగరెట్టు ఉంటుంది, అతనే వెలిగించి పెట్టి వెళ్ళిందయ్యుంటుంది, చివరిదాకా తనే కాలి బూడిద చెదరకుండా నిలిచి ఉంటుంది. నేను దాన్ని ఊదేసి గుడ్డతో తుడిచేసేదాన్ని. రేపు ఆ రాయి ముందే ఓబ్రాద్ రుమాలు విప్పి అతని చేతిలో పెడతాడు. అతను మళ్ళీ నోరు తెరుస్తాడు. మళ్ళీ ఫోటో చూస్తాడు, ఇప్పుడైతే నల్లరాయి మీద చెక్కించాం కదా ఫోటో, అది చూసి “అవును, నా పనే,” అంటాడు. అనేస్తాడు. నాకు తెలుసు ఆ మనిషి. ఇక ఆ మాట ఎప్పటికీ వెనక్కి రాదు.

పాత్ర దింపాను. చేతులు తుడుచుకున్నాను.

“ఓబ్రాద్, అది తిరిగి పెట్టెలో పెట్టు,” అన్నాను. నా గొంతు నాకే చాలా మామూలుగా వినిపించింది, ఉప్పందించమన్నట్టు. “ఆచిమ్ పూతకి ఏమీ కాలేదు. ఏడాది తడిలో ఉండి ఊడింది. నదికి మూడు రోజుల ముందు, గురువారం, ఆ పెట్టె కడిగింది నేను. తొలిధారతో కడగమన్నాడు మీ అన్నయ్య. నేను తేనె కలిపిన దాంతో కడిగాను. నెవేనా, నువ్వు చూసిన పాకం అదే. చేతికి జిగురు తగిలింది, తెలిసే మూత బిగించాను. మీ నాన్న అడిగితే తొలిధారేనని చెప్పాను.”

అల్లిక సూదులు ఆగిపోయాయి. నెవేనా కుర్చీ వీపు పట్టుకుంది. ఓబ్రాద్ రుమాలు వైపూ నా వైపూ చూశాడు, ఏదో లెక్క తప్పినవాడిలా. అత్తగారు, “తొలిధార ఉందిగా సీసాలో,” అంది. “ఉంది,” అన్నాను. “దాని మీద మీ గీత ఉంది.” ఆవిడ మోకాలు మీద చెయ్యి వేసుకుని అక్కడే ఉంచింది. ఆవిడని అనాలని కాదు నేను చెప్పింది. అడిగింది కాబట్టి చెప్పాను.

“అమ్మా, ఎవరికీ తెలియాల్సిన పనిలేదు,” అంది నెవేనా, చాలా నెమ్మదిగా. “మన నలుగురం. ఇక్కడితో...”

“నేను ఇప్పుడు ఆచిమ్ ఇంటికి వెళ్తున్నాను,” అన్నాను. “ముందు ఆయనకి చెప్తాను. రేపు ఆయన మనతో కలిసి నడుస్తాడు స్మశానానికి, నా పక్కన. నలభై మంది ముందు ఆయన్ని గేటు దగ్గర ఆపాం గనక, రేపు పాద్రిగారు వెళ్ళకముందే వాళ్ళందరి ముందూ నేనే చెప్తాను. ఆ తర్వాత నన్ను ఈ ఇంట్లో ఉండనివ్వాలో అక్కర్లేదో మీరు మాట్లాడుకోండి. చెప్పడం మాత్రం చెప్తాను.”